ఇత్తడి పళ్ళెంలో రెండు గవ్వలు

మాస్టారు పోయారన్న కబురు నాకు ఎండుచేపల దగ్గర అందింది. పొద్దున్నే ఇసుక మీద పాత వల పరిచి, నెత్తళ్ళు ఆరబోసి, కాకుల్ని అదిలిస్తూ ఒక చివర నుంచి తిరగేసుకుంటూ వస్తున్నాను. మా కోడలు ఫోను చేత్తో పట్టుకుని, కాళ్ళకి చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"అత్తయ్యా, మాస్టారు..." అని ఆగిపోయింది.

"మాస్టారికి ఏంటే? నోరు తెరిచి చెప్పు."

"నిద్రలోనే పోయారంట. అమ్మగారు కాఫీ తీసుకెళ్ళి లేపితే లేవలేదంట."

చేతిలో ఉన్న నెత్తళ్ళు వల మీద వదిలేసి లేచాను. ఆయన ఇంటికి పదకొండేళ్ళుగా వెళుతున్నాను గాని ఒక్కనాడూ చేపల చేతులతో వెళ్ళలేదు. ఆ ఇంట్లో చేప ముట్టరు. గేటు బయట కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, అప్పుడు అరుగెక్కేదాన్ని. ఆ రోజు కుళాయి గుర్తు రాలేదు. పొలుసులు అంటుకున్న చేతులతోనే లోపలికి వెళ్ళి, ఆయన కాళ్ళ దగ్గర నిలబడ్డాక గుర్తొచ్చి వెనక్కి తగ్గబోయాను. అమ్మగారు, అంటే మాస్టారి భార్య, నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు.

"ఇవాళ కడుక్కోకపోతే ఏమైందమ్మా, కూర్చోండి" అన్నారు.

అది జరిగి మూడు నెలలైంది. ఇప్పుడు ఈ మాటలు ఎందుకు రాయిస్తున్నానో ముందే చెప్పేస్తాను. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నాకు చదువు లేదు, వేలిముద్రే. మా పేటలో కొందరు పెద్దమనుషులు అడుగుతున్నారు, ఇంగ్లీషు మాస్టారి అరుగు మీద అక్షరం ముక్క రాని చేపలావిడ ఎందుకు కూర్చుంటోంది అని. నా ముఖం మీద అడిగినవాళ్ళకి అక్కడికక్కడే చెప్పాను. వెనకాల అనుకునేవాళ్ళకి కాగితం మీద చెబుతున్నాను. చదివి మీరే తేల్చండి.

మాస్టారిది పెనుగొండ. వాళ్ళవాళ్ళకి అక్కడ బట్టల కొట్లు. అన్నదమ్ములందరూ కొట్లో కూర్చుంటే ఈయన రాజమండ్రిలో చదువుకుని, బడిలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగంలో చేరారు. చాలా ఊళ్ళు తిరిగి చివరికి మా ఉప్పాడ పక్కకి వచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే ఉండిపోయారు. రిటైరయ్యాక కూడా చొక్కా జేబులో సుద్దముక్క ఉండాల్సిందే. చెమటకి అది కరిగి జేబు ఎప్పుడూ తెల్లగా మరకపడి ఉండేది. అమ్మగారు ఉతికి ఉతికి విసిగిపోయి, "ఈయనకి జేబుల్లేని చొక్కాలు కుట్టించాలి" అనేవారు.

నన్ను 'మీరు' అన్న మొదటి మగమనిషి ఆయనే. అదీ మొదటి రోజే అన్నారు. తట్ట నెత్తిన పెట్టుకుని వాళ్ళ వీధిలో కేకేసుకుంటూ పోతున్నాను. "ఫ్రెష్ కానాగంతలమ్మా, ఫ్రెష్షూ!" అరుగు మీద పేపరు చదువుకుంటున్న ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "అమ్మా, ఒక్క మాట చెప్తారా? ఫ్రెష్ అంటే ఏంటి?" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. చేపలు కొనని ఇంటాయన పొద్దున్నే బేరం చెడగొట్టడానికి దొరికాడనుకున్నాను.

"మీకెందుకండి? తినేవాళ్ళకి తెలుసు."

"తినకపోయినా తెలుసుకోవచ్చు కదమ్మా."

తట్ట దించాను. ఒక కానాగంత తీసి, బొటనవేలితో మొప్ప పైకెత్తి ఆయన ముఖం ముందు పెట్టాను. "ఇదిగోండి. ఇలా ఎర్రగా ఉంటే ఫ్రెష్షు. నల్లబడితే నిన్నటిది. కన్ను చూడండి, మెరుస్తోంది. వేలితో నొక్కండి, గుంట పడదు. చాలా?"

ఆయన కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు గాని వెనక్కి జరగలేదు. ఆ వాసనకి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా మొప్పని తేరిపార చూశారు. "చాలమ్మా" అన్నారు. "ముప్పై ఏళ్ళు పిల్లలకి ఈ మాట చెప్పాను. ఇంత బాగా ఒక్కసారీ చెప్పలేదు. ఇక ఆ మాట మీది. ఎక్కడైనా వాడుకోండి."

వెక్కిరిస్తున్నారేమో అనుకున్నాను. కాదు. మర్నాడు ఆయన అరుగు మీద కూర్చున్నవాళ్ళతో, "ఇంగ్లీషు మాటకి కూడా మొప్ప ఎత్తి చూసుకోవాలి, ఈవిడ చెప్పారు" అంటుంటే విన్నాను. నేను మొప్ప చూపించానే గాని మాటల సంగతి చెప్పలేదు. అయినా ఆయన చనిపోయేదాకా ఆ మాట నా పేరు మీదే చెప్పుకున్నారు.

ఆ అరుగు మీద పొద్దున్నపూట కాగితాలు రాయించుకునేవాళ్ళు చేరేవారు. రేషను కార్డులో పేరు తప్పు పడినవాళ్ళు, పింఛను ఆగిపోయినవాళ్ళు, పిల్లల బడి మార్చాలనుకునేవాళ్ళు. కాగితం అడిగినవాళ్ళు ముందు తమ సంగతి మొత్తం నోటితో చెప్పాలి. ఆయన పక్కన ఒక ఇత్తడి పళ్ళెం, ఒక చిన్న సంచీలో గవ్వలు. మా ఒడ్డున ఏరుకున్నవే. చెప్పే మనిషి నోట్లోంచి ఇంగ్లీషు మాట వచ్చినప్పుడల్లా ఒక గవ్వ టంగుమని పళ్ళెంలో పడేది. అంతా చెప్పడం అయ్యాక ఒక్కో గవ్వా చేతిలోకి తీసుకుని, "ఇది ఫలానా మాట. అంటే ఏంటి? మీ ఇంట్లో జరిగినదాంతో చెప్పండి" అనేవారు. చెప్పగలిగితే గవ్వ సంచీలోకి, మాట కాగితంలోకి. చెప్పలేకపోతే గవ్వ పళ్ళెంలోనే ఉంటుంది, మాట బయటే ఉంటుంది. గవ్వ విడిపించుకోవడం అనేవాళ్ళం దాన్ని.

బస్సుకీ, ఫోనుకీ, టైముకీ గవ్వ పడేది కాదు. "అవి మన ఇంట్లో పుట్టిన పిల్లలైపోయాయి" అనేవారు. మిగతావాటికి మాత్రం వదిలేవారు కాదు. ఒకావిడ కొత్తల్లుడి గురించి చెబుతూ, "మా అల్లుడు చాలా డీసెంటండి" అంది. టంగుమంది గవ్వ.

"డీసెంట్ అంటే ఏంటమ్మా?"

"ఏమీ మాట్లాడడండి. పెట్టింది తిని పోతాడండి."

"అది సైలెంటమ్మా. డీసెంటో కాదో, మాట్లాడితే గాని తెలీదు."

అరుగంతా నవ్వులే. ఆవిడ కూడా నవ్వి, "అయితే ఆ గవ్వ పళ్ళెంలోనే ఉంచండి, వచ్చే పండక్కి చూసి చెప్తాను" అంది.

ఒకసారి నాకు విసుగొచ్చి, "మాట దొరికింది, వాడేసుకుంటాం. ఇంత తనిఖీ ఎందుకండి?" అని అడిగాను. ఆయన కోప్పడలేదు. "ఇంగ్లీషు మాట ఇంటికొచ్చిన చుట్టమమ్మా. కుర్చీ వెయ్యండి, మజ్జిగ ఇవ్వండి. ఎవరో ఏంటో తెలియకుండా మాత్రం మీ తరఫున మాట్లాడనివ్వకండి. రేపు ఎవరైనా నిలదీస్తే ఆ చుట్టం ఉండడు, మీరే ఉంటారు" అన్నారు. వినడానికి బాగుంది అనుకున్నానే తప్ప ఒంటికి పట్టలేదు. పట్టించడానికి సముద్రం రావాల్సొచ్చింది.

అంతకంటే ముందు ఇంకో సంగతి చెప్పాలి. ఒకరోజు పెనుగొండ నుంచి ఆయన తమ్ముడుగారు కారులో వచ్చారు. "పెద్దవాళ్ళయ్యారు, ఈ ఉప్పుగాలిలో ఎందుకన్నయ్యా, మా మేడ మీద వాటా ఖాళీగా ఉంది, వచ్చెయ్యండి" అని మధ్యాహ్నం దాకా బతిమాలి వెళ్ళారు. కారు సందు దాటగానే నేను ఉండబట్టలేక, "వెళ్ళిపోతారా ఏంటి మాస్టారూ?" అన్నాను.

"ఎక్కడికమ్మా వెళ్ళేది? నేనిక్కడే పర్మనెంట్" అన్నారు.

అనేసి నాలిక కరుచుకున్నారు. నేను వదులుతానా? సంచీలో చెయ్యి పెట్టి, గవ్వ తీసి, టంగుమని పళ్ళెంలో వేశాను. "పర్మనెంట్ అంటే ఏంటండి మాస్టారూ? మీ ఇంట్లో జరిగినదాంతో చెప్పండి."

లోపల్నుంచి అమ్మగారు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన అద్దె ఇంటి గోడ వంక చూశారు, తెల్లబడ్డ తన చేతుల వెంట్రుకల వంక చూసుకున్నారు. చివరికి, "దీనికి టైము కావాలమ్మా" అన్నారు. ఆ గవ్వ పళ్ళెంలోనే ఉండిపోయింది. రోజూ సాయంత్రం పళ్ళెం తుడిచి, మళ్ళీ దాన్ని తనే మధ్యలో పెట్టుకునేవారు. ఒక్క మాట దగ్గర కూడా తనకో న్యాయం మాకో న్యాయం పెట్టుకోలేదు ఆ మనిషి.

ఇక సముద్రం. మా ఇంటిని అది ఒక్కసారిగా తీసుకోలేదు. ముందు పెరటి గోడ, తర్వాతి ఏడాది వంటింటి గుమ్మం. అలా నాకుతూ నాకుతూ వచ్చి, పోయిన వానాకాలంలో మూడు రోజులు పోటు మీద పోటు వచ్చి మొత్తం లాక్కుపోయింది. సామాను మోసుకోగలిగినంత మోసుకున్నాం. రుబ్బురోలు మాత్రం కదపలేకపోయాం. నేను, మా అబ్బాయి, కోడలు మా చెల్లెలి ఇంటి వెనక రేకుల పంచలో తలదాచుకున్నాం. ఒకరు పక్కకి తిరగాలంటే ముగ్గురం తిరగాలి.

ఇళ్ళు పోయినవాళ్ళకి స్థలాలిస్తారు, దరఖాస్తులు పెట్టుకోండి అన్నారు. రోడ్డు మీద మా మేనల్లుడికి నెట్ సెంటరు ఉంది. పేటంతా వాడి దగ్గరే బారులు తీరింది. వాడు చెడ్డవాడు కాదు, కానీ వాడికి తీరిక లేదు.

"అత్తా, పర్మనెంట్ అడ్రస్ చెప్పు."

"సముద్రంలో ఉంది, రాసుకో."

"జోకులెయ్యకత్తా, వెనకాల జనం ఉన్నారు. ఆ గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ ముందుకి పోదు."

"పోకపోతే ఆగమను."

"అది ఆగితే నీ పనే ఆగుద్ది. చిన్నత్త ఇంటి నంబరు వేసేస్తున్నా. ఏం కాదులే, జస్ట్ ఫార్మాలిటీ."

నేను తల ఊపాను. వేలు వేశాను. పదేళ్ళు గవ్వల చప్పుడు విన్న చెవులు ఆ పూట ఎక్కడికి పోయాయో తెలీదు.

జాబితా అతికించిన రోజు మా కోడలు చదివి చెప్పింది. స్థలం ఇచ్చేవాళ్ళలో నా పేరు లేదు. పక్కనే, తీసేసినవాళ్ళ కాగితంలో ఉంది, దాని ఎదురుగా 'ఇల్లు కలదు' అని ఉంది. ఎవరిదో నంబరు నా శాశ్వతమైన ఇల్లని నేనే వేలు వేసి ఇచ్చాను మరి. అభ్యంతరాలుంటే నెలన్నర తర్వాత ఆఫీసులో విచారణ పెడతారు, అప్పుడు చెప్పుకోండి అన్నారు. అదే ఆఖరి అవకాశం. అది జారిపోతే ఆ రేకుల పంచే నాకు గతి.

ఏడ్చుకుంటూ వెళ్ళలేదు మాస్టారి దగ్గరికి, తిట్టుకుంటూ వెళ్ళాను. మేనల్లుడిని తిట్టాను, కంప్యూటర్‌ని తిట్టాను, ఆఫీసుని తిట్టాను. ఆయన అంతా విని, "అతను గడి నింపాడు, వేలు మీరు వేశారు. ఆ రోజు మీ పక్కన గవ్వ ఎందుకు లేదమ్మా?" అన్నారు. చెంప మీద కొట్టినట్టైంది.

కాగితం రాయడానికి నాలుగు పొద్దులు పట్టింది. మధ్యకి మడిచిన తెల్లకాగితం. ఎడమ పక్క నేను చెప్పింది చెప్పినట్టు తెలుగులో, కుడి పక్క దాన్నే ఇంగ్లీషులో. కుడి పక్క ఉన్న ప్రతి మాటా ఏంటో, ఎందుకు అక్కడ ఉందో నాకు చెప్పి, నా చేత చెప్పించుకుని గాని తర్వాతి మాటకి వెళ్ళలేదు. మొత్తం ఎనిమిది వాక్యాలు. రెండో పొద్దున పోట్లాట అయింది.

"మీ ఇల్లు అక్కడ ఉందా, ఉండేదా?" అన్నారు. "ఇంగ్లీషులో రెంటికీ వేర్వేరు మాటలు. ఈజ్ అంటే ఉంది. వాజ్ అంటే ఉండేది. మీ ఇంటికి వాజ్ రాయాలి."

"ఉండేది అని నేననను" అన్నాను. "గోడలు పోయాయి గాని చోటు ఎక్కడికి పోతుందండి? నీళ్ళ కింద ఉంది. నా రుబ్బురోలు కూడా అక్కడే ఉంది. ఆటు మీద నీళ్ళు తగ్గినప్పుడు వెళితే కాలికి తగులుద్ది. ఉన్నదాన్ని ఉండేదని నాచేత ఎందుకనిపిస్తారు?"

ఆయన పెన్ను కింద పెట్టి మెల్లిగా నవ్వారు. "మీరు చెప్పిందే నిజమమ్మా. రెండూ రాద్దాం. ఇల్లు ఉండేది, చోటు ఉంది" అన్నారు. వాజ్ ఒక వాక్యంలో, ఈజ్ దాని తర్వాతి వాక్యంలో పెట్టారు. పెట్టి, రెండుసార్లు పైకి చదువుకున్నారు. బడిలో చెప్పినప్పుడు ఈ రెండు మాటలకీ మధ్య ఇంత దూరం ఉందని తనకీ తెలీదన్నారు.

నాలుగో పొద్దున, కాగితానికి జత చేసే ఫారంలో ఆ గడి దగ్గరికొచ్చాం. పర్మనెంట్ అడ్రస్. "పర్మనెంట్ అంటే ఎప్పటికీ ఉండేదండి" అన్నాను ధీమాగా. "అలాంటి చోటు మీకేదైనా ఉందా?" అన్నారు. లేదన్నాను. "పోనీ, ఎవరికైనా ఉందా?" మా పేటలో ఒక్కో ఇల్లూ తలుచుకుంటూ పోయాను. ఏదీ ఆ మాటకి నిలబడలేదు. ఆయనే సంచీలోంచి గవ్వ తీసి నా చేతికిచ్చారు. "నాదే ఇంకా తేలలేదు. మీది కూడా దాని పక్కన పెట్టండి. గడి ఖాళీగా వదిలేద్దాం" అన్నారు.

"ఖాళీగా ఉంటే తీసుకోరంటండి."

"అది కంప్యూటర్ మాట. విచారణలో మనుషులుంటారు. ఎందుకు ఖాళీ అని అడుగుతారు. అడిగితేనే కదా మీరు చెప్పేది?"

"మీరొచ్చి చెప్పండి మాస్టారూ. మీరు ఇంగ్లీషులో నాలుగు ముక్కలంటే వాళ్ళే లేచి నిలబడతారు."

"వాకిలి దాకా వస్తాను. లోపల మీరే చెప్పాలి. ఇల్లు మీది, వేలు మీది, మాటలు కూడా మీవే ఉండాలి."

వాకిలి దాకా కూడా రాలేకపోయారు. విచారణకి ఇంకా పది రోజులుందనగా, నేను నెత్తళ్ళు తిరగేస్తున్న ఆ పొద్దున ఆయన పోయారు.

మా మేనల్లుడు కంప్యూటర్‌లో కొట్టిన కాగితం ఒకటి తెచ్చి ఇచ్చాడు. "ఆ ఎనిమిది ముక్కలతో ఏమవుద్దత్తా? నేను మంచి హైలెవెల్లో కొట్టాను, ఇది ఇచ్చెయ్యి" అన్నాడు. "చదివి అర్థం చెప్పు" అన్నాను. రెండో మాట దగ్గరే తలగోక్కున్నాడు. వాడి కాగితం వాడికిచ్చేశాను.

విచారణ గదిలో ముప్పై మందిమి ఉన్నాం. ఆఫీసరు ఆడమనిషి, మా కోడలి కంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. మా పక్కింటావిడ నాకంటే ముందు లేచింది. నా గోడా ఆవిడ గోడా ఒక్క పోటుకే పడ్డాయి. మేనల్లుడు కొట్టిన హైలెవెల్ కాగితం ఆవిడ చేతిలో ఉంది. ఆఫీసరమ్మ అది చదివి, "డిలాపిడేటెడ్ అని రాశారు. అంటే ఇల్లు పాడుబడింది, కానీ ఉంది. ఉన్న ఇంటికి స్థలం ఎలా వస్తుంది? బాగుచేయించుకోడానికి దరఖాస్తు వేరే" అన్నారు.

"ఏమోనండి. అలా రాస్తే బరువుగా ఉంటుందన్నారండి" అంది మా పక్కింటావిడ. కాగితం పక్కన పడింది.

నేను లేచాను. "అమ్మగారూ, ఆ మాట ఆవిడది కాదండి. ఆవిడ ఇల్లు పాడుబడలేదు, పోయింది. పునాది రాయి కూడా లేదు."

"మీ వంతు వచ్చినప్పుడు మాట్లాడండి."

"నా వంతు వచ్చేసరికి ఆవిడ బస్సెక్కేస్తుందండి."

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆఫీసరమ్మ కూడా పెదవి బిగబట్టుకున్నారు. "సరే, ఇద్దరూ రండి. మీ కాగితం ఇవ్వండి" అన్నారు.

కుడి పక్కే చదివారు. చదివి, "ఇంత సూటిగా రాసిన కాగితం ఈ మధ్య చూడలేదు. మీకు ఇంగ్లీషు వచ్చా?" అన్నారు.

"అక్షరాలు రావండి. అందులో ఉన్న మాటలు మాత్రం వచ్చు. ఏదైనా అడగండి."

అడిగారు. ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి, ఏం రాయించుకున్నారో చెప్పమన్నారు. ఎనిమిదీ చెప్పాను. ఇల్లు ఎందుకు ఉండేది అన్నామో, చోటు ఎందుకు ఉంది అన్నామో కూడా చెప్పాను. చెబుతుంటే నా చెవిలో పళ్ళెం చప్పుడే.

"మరి పర్మనెంట్ అడ్రస్ ఎందుకు రాయలేదు?"

"ఆ మాటకి అర్థం చెప్పలేకపోయానండి. చెప్పలేని మాటని మా మాస్టారు కాగితంలోకి రానివ్వరు."

"ముందు దరఖాస్తులో రాశారు కదా, ఒక ఇంటి నంబరు?"

ఇక్కడ మేనల్లుడి పేరు చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. "రాశానండి" అన్నాను. "అది మా చెల్లెలి ఇల్లు, నాది కాదు. గడి ఖాళీగా ఉంటే ముందుకి పోదన్నారు, నింపేశాం. వేలు నాదే, తప్పు నాదే. ఇల్లు ఎక్కడుండేదో చూపిస్తాను, రండి. మీ చీర తడుస్తుంది, అంతే."

వచ్చారు. నాలుగు రోజుల తర్వాత, ఆటు వేళ, ఇద్దరు సిబ్బందితో వచ్చి, చెప్పులు ఒడ్డున విడిచి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలోకి నా వెనకాల నడిచారు. "ఇది వాకిలి. ఇటు పక్క పడుకునే గది. అదిగో, వాళ్ళ గుమ్మం అక్కడ" అని మా పక్కింటావిడ ఇల్లూ చూపించాను. కాలితో ఇసుక కెలుకుతూ రెండడుగులు వేసేసరికి బొటనవేలికి తగిలింది. "అమ్మా, ఇక్కడ కాలు పెట్టండి" అన్నాను. ఆఫీసరమ్మ నా భుజం పట్టుకుని కాలు పెట్టారు. నీళ్ళ కింద నా రుబ్బురోలు అంచు. అల వచ్చి వెనక్కి పోయింది.

"అమ్మగారూ, మీరు చదువుకున్నవాళ్ళు. ఏది పర్మనెంటో మీరైనా చెప్పండి" అన్నాను.

"నన్నడుగుతారేంటి మామ్మగారూ, రెండేళ్ళకోసారి సామాను సర్దుకునే ఉద్యోగం నాది. ఆ గడిలో ఏం రాయాలో నాకూ తెలీదు" అని నవ్వారు. ఒడ్డుకి వచ్చాక తడి చేతులతోనే ఏదో రాసుకున్నారు.

కొత్త జాబితాలో రెండు పేర్లూ ఉన్నాయి. సరుగుడు తోటల అవతల, అలల చప్పుడు వినపడేంత దూరంలో, సున్నంతో గీతలు గీసి మా స్థలాలు చూపించారు. ఆ గీతల మధ్య నిలబడి, రోలు ఎక్కడ పెట్టాలో మా కోడలికీ నాకూ అప్పుడే వాదన అయింది. గోడలు లేవాలి. లేస్తాయి.

ఆ కబురు చెప్పడానికి మొదట అమ్మగారి దగ్గరికే వెళ్ళాను, చేతులు కడుక్కుని. ఆవిడ లోపల్నుంచి పళ్ళెం తెచ్చి అరుగు మీద పెట్టారు. ఆయన పోయిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. మధ్యలో రెండు గవ్వలు. "ఇక వీటిని నేనేం చేసుకోనమ్మా" అన్నారు. అప్పుడే మా పక్కింటావిడ ఇంకేదో కాగితం పట్టుకుని గేటు తీసుకుని వచ్చింది. అలవాటుగా కూర్చుంది, అలవాటుగా సంగతి చెప్పడం మొదలుపెట్టింది. మూడో మాటకి ఇంగ్లీషు దొర్లింది. నా చెయ్యి దానంతటదే సంచీలోకి పోయింది.

అదీ జరిగింది. రాయడానికి చదువు కావాలి, మా కోడలు రాస్తోంది, అమ్మగారు సరిచూస్తున్నారు. ఆ పళ్ళెం దగ్గర కూర్చోడానికి కావాల్సింది చెవి, మొహమాటం లేని నోరు. రెండూ నాకున్నాయి. మా మేనల్లుడు కూడా ఇప్పుడు వారానికోసారి దరఖాస్తుల కట్ట తెచ్చుకుని అరుగు కింది మెట్టు మీద కూర్చుంటాడు. "అత్తా, గవ్వ మెల్లిగా వెయ్యవే, గుండె అదురుతోంది" అంటాడు. వాడికి ఇంకా గట్టిగా వేస్తాను.

పెద్దమనుషులకి నా జవాబు అయిపోయింది. ఇంతకంటే బాగా విని, బాగా అడిగేవాళ్ళెవరైనా ఉంటే రండి, లేచి చోటిస్తాను.

వచ్చినవాళ్ళ గవ్వలు రోజూ పడుతుంటాయి, సంచీలోకి పోతుంటాయి. మధ్యలో ఉన్న రెంటినీ మాత్రం ఎవరూ ముట్టుకోరు. ఒకటి ఆయనది, ఒకటి నాది. తూర్పు నుంచి ఎండ అరుగు మీదికి ఎక్కేసరికి పళ్ళెం మెరుస్తుంది. కొత్త గవ్వ టంగుమని పడినప్పుడల్లా ఆ రెండూ ఉలిక్కిపడ్డట్టు కదిలి, మళ్ళీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి ఆగుతాయి.